జాజ్ మహానుభావుల జయంతి, వర్ధంతి ఇంట్లో జరుపుకోవడం ఎలా?

ఏప్రిల్ దగ్గర పడిందంటే చాలు, తెలిసినవాళ్ళ నుంచి ఒకే ప్రశ్న. "మీ ఇంట్లో ఆ జాజ్ సాయంత్రం పెడతారు కదా, మేమూ పెట్టుకోవాలంటే ఏం చేయాలి?" ఫోన్లో చెప్పీ చెప్పీ, ప్రతిసారీ ఏదో ఒకటి మర్చిపోతూ, చివరికి ఇలా రాసి పెడుతున్నాను. న్యూజెర్సీలో మా ఇంటి బేస్‌మెంట్‌లో కొన్నేళ్ళుగా ఏడాదికి మూడు నాలుగు సార్లు పది పన్నెండుమందిమి కూర్చుని, ఒక జాజ్ విద్వాంసుణ్ణో గాయనినో తలుచుకుంటూ వింటాం. జాజ్ అంటే అమెరికాలో నల్లవాళ్ళ మధ్య పుట్టిన, అప్పటికప్పుడు కల్పించి వాయించే సంగీతం. వచ్చేవాళ్ళలో సగంమంది జాజ్ అంటే హోటల్ లిఫ్టులో వినిపించే సంగీతం అనుకున్నవాళ్ళే.

ఇలా తలుచుకోవడం మనకు కొత్త కాదు. త్యాగరాజ ఆరాధన, ఘంటసాల వర్ధంతి సభలు చూస్తూ పెరిగాం. చిక్కల్లా ఆ సభల్లోని చెడ్డ అలవాటుతోనే: గంట ఉపన్యాసాలు, పావుగంట పాట. ఇక్కడ దాన్ని తిరగేయండి. తక్కువ పాటలు, మొదటి నుంచి చివరిదాకా, మధ్యలో ఎవరూ మాట్లాడకుండా. మిగతాదంతా దానికోసం చేసుకునే ఏర్పాటే.

కావలసినవి

- ఎనిమిది నుంచి పన్నెండుమంది. పదిహేను దాటితే అది ఫంక్షన్ అయిపోతుంది.
- రెండు స్పీకర్లు, వాటిని ఫోన్‌కో ల్యాప్‌టాప్‌కో కలిపే వైరు. టీవీకి ఉండే స్పీకర్లు చాలవు, అందులో బేస్ (మనిషంత ఎత్తుండి మంద్రంగా మోగే తీగ వాయిద్యం) అసలు వినపడదు.
- పాటలు సీడీ, రికార్డు ఏదైనా సరే. యాప్ అయితే డబ్బు కట్టినది ఉండాలి. ఉచిత యాప్‌లో గాయని బిల్లీ హాలిడే పాట ఇలా ఆగగానే అలా ఇన్సూరెన్స్ ప్రకటన మొదలవుతుంది. నేను పడ్డాను, మీరు పడకండి.
- ఒక ఫోటో, మామూలు కాగితం సైజు చాలు.
- మనిషికో ముద్రించిన కాగితం. ఒక పేజీయే.
- చిన్న చీటీలు, పెన్నులు.
- చప్పుడు చేయని తిండి. చెగోడీలు, జంతికలు విరామం దాకా వంటింట్లోనే ఉండాలి.

అక్కర్లేనివి: ఫ్లెక్సీ, మైకు, శాలువా, ముఖ్య అతిథి.

1. మనిషిని, తేదీని ఎంచుకోండి

ఒక సాయంత్రానికి ఒక్కరే, మహా అయితే ఇద్దరు. "జాజ్ చరిత్ర" అని పెట్టుకుంటే ఎవరూ గుర్తుండరు.

తేదీలకు కొదవ లేదు. ఏప్రిల్ అయితే పండగ నెలే. 7న బిల్లీ హాలిడే, 22న బేస్ వాయించే చార్ల్స్ మింగస్, 25న గాయని ఎల్లా ఫిట్జెరాల్డ్, 29న పియానో వాయిస్తూ బ్యాండు నడిపిన డ్యూక్ ఎల్లింగ్టన్ పుట్టినరోజులు. 30న అంతర్జాతీయ జాజ్ దినోత్సవం, దాన్ని 2011లో యునెస్కో ప్రకటించింది. మే 26 ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ పుట్టినరోజు, ఆగస్టు 29 చార్లీ పార్కర్‌ది, సెప్టెంబర్ 23 జాన్ కోల్‌ట్రేన్‌ది (ఇద్దరిదీ సాక్సఫోన్), అక్టోబర్ 10 పియానో వాయించే థెలోనియస్ మంక్‌ది. డేవిస్, కోల్‌ట్రేన్ ఇద్దరూ 1926లోనే పుట్టారు, అంటే 2026 ఇద్దరికీ శతజయంతి.

ఆరాధనకు తిథి చూస్తాం. ఇక్కడ ఆ పట్టింపు వద్దు, ఆ తేదీకి దగ్గరి శనివారం పెట్టుకోండి. బుధవారం రాత్రి పెడితే తొమ్మిదింటికల్లా అందరూ గడియారం చూస్తుంటారు.

మొదటిసారి పెడుతున్నారా? గాయకులతో మొదలుపెట్టండి. గొంతు వినడం అందరికీ అలవాటే. సాక్సఫోన్ నలభై నిమిషాలు వినడానికి కొంచెం సాధన కావాలి.

2. తేదీ, ఫోటో సరిచూసుకోండి

దీనికో మెట్టు ఎందుకంటారేమో. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే.

ట్రంపెట్ విద్వాంసుడు, గాయకుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ తన పుట్టినరోజు 1900 జులై 4 అని బతికున్నన్నాళ్ళూ చెప్పుకున్నాడు. అమెరికా స్వాతంత్ర్య దినం కూడా అదే కాబట్టి ఆ మాట బాగా అతికింది. ఆయన 1971లో పోయాక, 1980లలో న్యూ ఆర్లీన్స్ చర్చి రికార్డుల్లో జ్ఞానస్నానం నమోదు బయటపడింది. అందులో ఉన్నది 1901 ఆగస్టు 4. పాత పుస్తకాల్లో మొదటి తేదీ ఇప్పటికీ కనిపిస్తుంది. కాగితం మీద ఆగస్టు 4 వేసి, జులై 4 కథ నోటితో చెప్పండి. అభిమానులు కొందరు రెండు రోజులూ జరుపుకుంటారు, అందులో తప్పేమీ లేదు.

ఇక ఫోటో. చార్లీ పార్కర్ వాయించింది ముఖ్యంగా ఆల్టో సాక్సఫోన్. కాన్సాస్ సిటీ దగ్గర లింకన్ శ్మశానంలో ఆయన సమాధి రాయి మీద చెక్కింది మాత్రం దానికంటే పెద్దదైన టెనర్ సాక్సఫోన్. రాతి మీదే తప్పు పడినప్పుడు మన ప్రింటౌట్ మీద పడడం ఎంతసేపు? రెండిటినీ ఇలా గుర్తుపట్టండి: టెనర్ మెడ గొట్టం నోటి దగ్గరికి వచ్చేముందు పాములా ఒక వంపు తిరుగుతుంది, ఆల్టో మెడ ఒకటే మలుపు తిరిగి సూటిగా వస్తుంది. నేను ఒకసారి ట్రంపెట్ పట్టుకున్న వేరే ఎవరిదో ఫోటో ముద్రించి, సాయంత్రమంతా అందరి ముందూ నిలబెట్టాను. రెండు గంటల తర్వాత ఒక పదో తరగతి పిల్లాడు చెప్పాడు.

దండ వేయాలా? మీ ఇష్టం. మేం దీపం పెడతాం, దండ వేయం. ఒకవేళ వేసేటట్టయితే ఆ మనిషి బతికే ఉన్నారేమో ముందు చూసుకోండి. తొంభై దాటినా కచేరీలు చేసిన జాజ్ వాళ్ళున్నారు.

3. పాటలు ఎంచుకోండి

సంగీతం మొత్తం కలిపి గంట దాటకూడదు. ఇరవై పాటలు రాసుకుని పన్నెండు కొట్టేయండి, ఆ తర్వాత ఇంకో రెండు కొట్టేయండి. బాధగానే ఉంటుంది.

ఎంపికకు నా లెక్క ఇది. ఒకటి, ఆ మనిషి పడుచుదనంలోది. ఒకటి, అందరికీ తెలిసినది. ఒకటి, చివరి రోజులది. ఒకటి, ఆ మనిషి పోయాక తోటివాళ్ళు ఆయన మీద కట్టినది. ఈ నాలుగోది చాలామంది వదిలేస్తారు, సభకు ప్రాణం మాత్రం దానితోనే వస్తుంది. ఒకరు పోతే ఇంకొకరు బాణీ కట్టి తలుచుకోవడం జాజ్‌లో మొదటి నుంచీ ఉంది. సాక్సఫోన్ విద్వాంసుడు లెస్టర్ యంగ్ 1959 మార్చిలో పోయాడు. ఆయన పెట్టుకునే "పోర్క్ పై" రకం టోపీని తలుచుకుంటూ మింగస్ అదే ఏడాది "గుడ్‌బై పోర్క్ పై హ్యాట్" రికార్డు చేశాడు. ట్రంపెట్ వాయించే క్లిఫర్డ్ బ్రౌన్ పాతికేళ్ళకే 1956లో కారు ప్రమాదంలో పోతే, ఆయన స్నేహితుడు, సాక్సఫోన్ వాయించే బెన్నీ గోల్సన్ "ఐ రిమెంబర్ క్లిఫర్డ్" కట్టాడు.

వచ్చేవాళ్ళలో జాజ్ కొత్తవాళ్ళు ఎక్కువుంటే ఎల్లా ఫిట్జెరాల్డ్ 1960 ఫిబ్రవరి 13న బెర్లిన్‌లో పాడిన "మ్యాక్ ద నైఫ్" ముందు పెట్టండి. పాట సగంలో సాహిత్యం మర్చిపోయింది. ఆగలేదు. మర్చిపోయానన్న సంగతినే పాటలో పెట్టేసి, మధ్యలో ఆర్మ్‌స్ట్రాంగ్ గొంతును అనుకరిస్తూ చివరిదాకా లాక్కొచ్చింది. దానికి గ్రామీ కూడా వచ్చింది. ఇంగ్లీషు రాని మా అత్తయ్య కూడా నవ్వింది.

4. దొరికింది అసలు రికార్డింగేనా అని చూడండి

యాప్‌లో పాట పేరు కొడితే యాభై వస్తాయి. మొదటిది నొక్కితే సగం సార్లు తప్పే. ఉదాహరణకు బిల్లీ హాలిడే "ఫైన్ అండ్ మెలో" తీసుకోండి. 1939లో "స్ట్రేంజ్ ఫ్రూట్"కు రెండో వైపుగా వచ్చినది ఒకటి. 1957 డిసెంబర్ 8న సీబీఎస్ టీవీలో "ద సౌండ్ ఆఫ్ జాజ్" కార్యక్రమంలో పాడినది ఇంకొకటి. ఆ కార్యక్రమానికి కొన్ని రోజుల ముందు స్టూడియోలో రికార్డుగా చేసినది వేరొకటి. పాట ఒక్కటే, అనుభవాలు మాత్రం మూడు.

ఇలా సరిచూడండి:

- ఏడాది. "రీమాస్టర్" (పాత రికార్డింగును మళ్ళీ శుభ్రం చేసి విడుదల చేయడం) పక్కన ఉండే ఏడాది కాదు, రికార్డు చేసిన ఏడాది.
- నిడివి. ఆర్మ్‌స్ట్రాంగ్ "వెస్ట్ ఎండ్ బ్లూస్" 1928 నాటిది మూడుంపావు నిమిషాల పైచిలుకు. అప్పటి రికార్డు ఒక వైపు పట్టేదే అంత. ఐదు నిమిషాలు చూపిస్తే అది అదే పాట ఇంకోసారి రికార్డు చేసినది.
- వాయించినవాళ్ళ పేర్లు. యాప్‌లో లేకపోతే రికార్డు అట్ట వెనక ఫోటోలో ఉంటాయి.
- మొదటి ముప్ఫై సెకన్లు వినండి. 1928 పాటలో డ్రమ్స్ బలంగా, శుభ్రంగా గుద్దుతుంటే అనుమానించండి.

1920ల, 30ల రికార్డింగులకు గరగర ఉంటుంది, ఉండనివ్వండి. అది తీసేస్తామని కంప్యూటర్లో తోమిన వాటిలో ట్రంపెట్ మెరుపు కూడా పోతుంది. మోనోను సాగదీసి స్టీరియోగా చేసినవీ వద్దు. 1959లో వచ్చిన మైల్స్ డేవిస్ "కైండ్ ఆఫ్ బ్లూ" పాత ముద్రణ రికార్డు మీ దగ్గరుంటే ఒక సంగతి తెలుసుకోండి. టేపు మిషన్ తేడా వల్ల మొదటి వైపు పాటలు శ్రుతి కాస్త పైకి జరిగి ఉంటాయి. 1990ల నుంచి వచ్చిన ముద్రణల్లో సరిచేశారు. పక్కన కీబోర్డు పెట్టుకుని వాయించబోయే పిల్లలుంటే ఇది తెలియక బుర్ర బద్దలు కొట్టుకుంటారు.

5. ఒక పేజీ కాగితం రాయండి

పాట పేరు, ఏడాది, ఎవరు ఏం వాయించారు, "ఇది వినండి" అని ఒక్క వాక్యం. అంతే. జీవిత చరిత్ర వద్దు.

ఆ ఒక్క వాక్యం మీదే కష్టపడండి. "అద్భుతమైన సోలో" అని రాస్తే పనికిరాదు. "మొదట్లో ట్రంపెట్ ఒక్కటే, తోడు ఎవరూ లేకుండా, పది పన్నెండు సెకన్లు ఎలా ఎక్కి దిగుతుందో వినండి" అని రాస్తే చెవి అక్కడికి వెళుతుంది.

కొత్తవాళ్ళకు సిద్ధాంతం ఇంత చాలు: ముందు అందరూ కలిసి పల్లవి లాంటిది వాయిస్తారు. తర్వాత ఒక్కొక్కరూ దాని మీద అప్పటికప్పుడు కల్పన చేస్తారు, మన స్వరకల్పనలాగే. డ్రమ్స్ వంతు వస్తే తని ఆవర్తనం అనుకోండి. చివర మళ్ళీ పల్లవి. ఈ పోలిక నూటికి నూరుపాళ్ళు సరిపోదని సంగీతం తెలిసినవాళ్ళు నన్ను తిడతారు. తిట్టనివ్వండి, మొదటి సాయంత్రానికి ఇది పనిచేస్తుంది.

6. ముందురోజు రాత్రి మొత్తం ఒకసారి నడిపి చూడండి

పాటల జాబితా యాప్‌లో వరసగా పెట్టి, ఫోన్‌ను వైరుతో స్పీకర్లకు కలపండి. బ్లూటూత్ అయితే సరిగ్గా మంచి చోట తెగుతుంది. తర్వాత ఇవి ఒక్కొక్కటీ చూడండి:

- షఫుల్ ఆపేశారా? చివరి పాట తర్వాత తనంతట తనే ఇంకేదో మొదలుపెట్టే సెట్టింగ్ ఆపేశారా?
- ఒక పాట చివర ఇంకో పాట మొదలును కలిపేసే క్రాస్‌ఫేడ్ సున్నా మీద ఉందా?
- బేస్ పెంచే బటన్లు, ఈక్వలైజర్ అన్నీ ఆఫ్ అయ్యాయా?
- ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టినా పాటలు వస్తున్నాయా? రాకపోతే డౌన్‌లోడ్ కాలేదన్నమాట.

వాల్యూమ్‌ను స్పీకర్ పక్కన నిలబడి కాకుండా, ఆఖరి కుర్చీలో కూర్చుని సరిచేయండి. పక్కవాళ్ళతో మాట్లాడాలంటే గొంతు కాస్త పెంచాల్సి వచ్చేంత ఉంటే చాలు. అంతకంటే తగ్గితే కబుర్లు మొదలవుతాయి, పెరిగితే పెద్దవాళ్ళు లేచి వెళతారు.

7. ఆ సాయంత్రం

వచ్చినవాళ్ళకు ముందు తిండి పెట్టేయండి. ఆర్మ్‌స్ట్రాంగ్ రోజైతే రాజ్మా అన్నం వండండి. సరదాకి చెప్పడం లేదు. ఆయనకు న్యూ ఆర్లీన్స్ ఎర్ర చిక్కుడుగింజల అన్నం ఎంత ఇష్టమంటే, ఉత్తరాల చివర "భవదీయుడు" అనాల్సిన చోట ఆ వంట పేరు కలిపి సంతకం పెట్టేవాడు. మా ఇంట్లో పక్కన మజ్జిగ మిరపకాయలు కూడా ఉంటాయి, దానికి ఆధారాలు అడగకండి.

తర్వాత మీరు మాట్లాడేది ఐదు నిమిషాలు. ఫోన్లో టైమర్ పెట్టుకోండి. ఆ మనిషి గురించి ఒక్క కథ చెప్పి కూర్చోండి. పాటకూ పాటకూ మధ్య ఒక నిమిషం. పాట నడుస్తుండగా "ఇదిగో, ఇప్పుడు వస్తుంది చూడండి" అనడం నిషేధం. ఈ జబ్బు అన్నిటికంటే అభిమానులకే ఎక్కువ. నాకు ఇంకా పూర్తిగా నయం కాలేదు, మా ఆవిడ మోకాలితో పొడుస్తుంది.

సోలో అయ్యాక చప్పట్లు కొట్టొచ్చా? జాజ్ క్లబ్బుల్లో కొడతారు. రికార్డు వింటున్నప్పుడు ఎవరైనా "భళా" అన్నా బాగానే ఉంటుంది, ఆపకండి.

మేం చేసే ఒక సాయంత్రం: జులై 17

ఉదాహరణకు నాకు అన్నిటికంటే ఇష్టమైనది చెబుతాను. బిల్లీ హాలిడే 1959 జులై 17న పోయింది. సరిగ్గా ఎనిమిదేళ్ళకు, 1967 జులై 17న, జాన్ కోల్‌ట్రేన్ పోయాడు. ఆమెకు 44, ఆయనకు 40. ఇద్దరినీ ఒకే సాయంత్రం వింటాం. యాభై నిమిషాల పైచిలుకు సంగీతం.

మొదట 1937 నాటి "ఎ సెయిల్‌బోట్ ఇన్ ద మూన్‌లైట్". హాలిడేకు 22 ఏళ్ళు. వెనక టెనర్ సాక్సఫోన్ లెస్టర్ యంగ్. కాగితం మీద రాసే వాక్యం: "ఆమె ఊపిరి తీసుకున్న ప్రతిచోటా ఆయన మాట కలుపుతుంటాడు, వినండి." ఆమెను "లేడీ డే" అన్నది ఆయనే, ఆయనను "ప్రెజ్" అన్నది ఆమె.

తర్వాత 1939 నాటి "స్ట్రేంజ్ ఫ్రూట్". ఇక్కడ జాగ్రత్త. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లవాళ్ళను కొట్టి చెట్లకు ఉరితీసిన దారుణం మీద ఏబెల్ మీరోపోల్ రాసిన పాట ఇది. ఆమె రికార్డులు వేసే పెద్ద కంపెనీ దీన్ని వేయనంటే, కొమడోర్ అనే చిన్న కంపెనీ వేసింది. న్యూయార్క్ కెఫే సొసైటీలో ఆమె దీన్ని ఆఖరి పాటగా పాడేది. అప్పుడు సప్లయర్లు ఎక్కడివాళ్ళు అక్కడ ఆగిపోవాలి, లైట్లన్నీ ఆర్పి ఆమె ముఖం మీద ఒక్క దీపమే ఉంచేవారు. మీరూ అలాగే చేయండి. వడ్డన ఆపేయండి, లైట్లు తీసేయండి, పాట అయ్యాక అర నిమిషం ఏమీ అనకండి. దీన్ని భోజనాల దగ్గర వెనక పాటలా పెట్టడం నేను ఒప్పుకోను. చిన్నపిల్లలుంటే ముందే పెద్దవాళ్ళను అడగండి, అవసరమైతే ఆ పాట వరకు పిల్లల్ని పై అంతస్తుకు పంపండి.

మూడోది వినడం కాదు, చూడడం. పైన చెప్పిన 1957 టీవీ "ఫైన్ అండ్ మెలో". హాలిడే ఎత్తు కుర్చీలో కూర్చుంది, చుట్టూ బెన్ వెబ్‌స్టర్, కోల్‌మన్ హాకిన్స్, జెర్రీ మలిగన్, రాయ్ ఎల్‌డ్రిడ్జ్. లెస్టర్ యంగ్ అప్పటికే ఆరోగ్యం బాగాలేక నీరసంగా ఉన్నాడు. తన వంతు రాగానే లేచి, ఒక్క ఆవృతం వాయించాడు. అందరిలోకీ తక్కువ స్వరాలు ఆయనవే. అప్పుడు ఆమె ముఖం చూడండి. రెండేళ్ళు తిరక్కుండానే ఇద్దరూ లేరు. దీనికి నేను ముందు గానీ వెనక గానీ ఒక్క మాట కూడా చెప్పను.

ఆమె భాగం చివర 1958 నాటి "లేడీ ఇన్ శాటిన్" నుంచి "అయామ్ ఎ ఫూల్ టు వాంట్ యూ". గొంతు చితికిపోయింది. "అయ్యో, గొంతు పోయిందే" అని ఎవరో ఒకరు అంటారు. 1937 పాట మళ్ళీ ఒక నిమిషం వినిపించి, రెండిట్లో మాటను ఎలా పట్టుకుని వదులుతుందో పోల్చమనండి.

విరామం ఇరవై నిమిషాలు. చెగోడీలు ఇప్పుడు.

తర్వాత కోల్‌ట్రేన్ "ఎ లవ్ సుప్రీమ్" మొత్తం, ఆపకుండా. 1964 డిసెంబర్ 9న మా న్యూజెర్సీలోనే, ఎంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లోని వాన్ గెల్డర్ స్టూడియోలో రికార్డయింది. పియానో మెకాయ్ టైనర్, బేస్ జిమ్మీ గారిసన్, డ్రమ్స్ ఎల్విన్ జోన్స్. నిడివి 33 నిమిషాలు. యాప్‌లో గంటకు పైగా చూపిస్తే అది 1965లో సియాటిల్ కచేరీ, మొదటిసారి వినేవాళ్ళకు వద్దు. మొదటి భాగంలో బేస్ నాలుగు స్వరాలు పట్టుకుంటుంది. కోల్‌ట్రేన్ ఆ నాలుగిటినే పన్నెండు శ్రుతుల్లో తిప్పి, చివరకు నోటితో జపంలా అంటాడు.

నాలుగో భాగం "సామ్" (దేవుడి కీర్తన అని అర్థం) దగ్గర మాత్రం ఒక పని చేయించండి. రికార్డు అట్ట లోపల కోల్‌ట్రేన్ రాసిన ప్రార్థన ఉంటుంది. సాక్సఫోన్ ఆ ప్రార్థననే అక్షరం అక్షరం చదువుతుంది, గొంతు లేకుండా. ప్రార్థన కాపీలు ముందే చేతికిచ్చి, వేలు పెట్టి అనుసరించమనండి. మొదటి నాలుగు పంక్తులు తప్పిపోతారు, కంగారు పడొద్దు. దేవుడికి కృతజ్ఞత చెప్పే పంక్తి మళ్ళీ మళ్ళీ వస్తుంది, అక్కడ పట్టుకోవచ్చు. పద్యం వింటూ పెరిగిన చెవికి ఇది తొందరగా అందుతుంది. నాటకాల పద్యాలు బాగా ఎరిగిన మా మామయ్య రెండోసారికే వేలు తప్పకుండా వెళ్ళారు.

సాధారణంగా జరిగే తప్పులు

విషాదం ఒక్కటే చెప్పడం. హాలిడే అనగానే మత్తుమందు, జైలు, పార్కర్ అనగానే మత్తుమందు, 34 ఏళ్ళకే చావు. అవి నిజాలే. అయినా ఆ సాయంత్రం వాళ్ళు ఏం పాడారో, ఏం వాయించారో దానికోసం కూర్చున్నాం. కష్టాలకు రెండు నిమిషాలు చాలు.

బలవంతపు "మన లింకు". వయొలిన్ నేర్చుకునే పిల్లతో అప్పటికప్పుడు ఫ్యూజన్ వాయించమనకండి, పిల్లకు టెన్షన్, మనకు ఇబ్బంది. నిజమైన లింకులు ఉన్నాయి, అవి చాలు. కోల్‌ట్రేన్ భార్య ఆలిస్ కోల్‌ట్రేన్ పియానో, హార్ప్ వాయించేది. తర్వాతి రోజుల్లో పుట్టపర్తి సాయిబాబా భక్తురాలై, కాలిఫోర్నియాలో సాయి అనంతం అనే ఆశ్రమం నడిపింది. సంస్కృత భజనలకు నల్లవాళ్ళ చర్చి పాటల ఊపు కలిపి ఆర్గన్ మీద పాడేది. పెద్దవాళ్ళు ఎక్కువగా ఉన్న రోజు ఆమె 1982 క్యాసెట్ "తురియా సింగ్స్" నుంచి ఒక భజనతో ముగిస్తే ఇంటికెళ్ళేటప్పుడు దాన్నే పాడుకుంటూ వెళతారు. ఇంకొకటి, పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్ 1983లో పిల్లవాడిగా ఉండగానే బెర్లిన్ జాజ్ ఫెస్టివల్‌లో వాయించాడు. సెప్టెంబర్‌లో కోల్‌ట్రేన్ పుట్టినరోజుకు నాలుగు రోజుల ముందే, 19న, శ్రీనివాస్ వర్ధంతి వస్తుంది.

లైవ్ పెట్టడం. ఫేస్‌బుక్, యూట్యూబ్ లైవ్‌లో రికార్డు పాట వినిపిస్తే కాపీరైట్ కింద శబ్దం ఆపేస్తారు, లేదా వీడియోనే తీసేస్తారు. ఇంట్లో నలుగురు స్నేహితులతో వినడానికి అనుమతి అక్కర్లేదు. గుడి హాలు, కమ్యూనిటీ హాలు తీసుకుని అందరినీ పిలిస్తే లైసెన్సు సంగతి హాలువాళ్ళను అడగండి. పాటల హక్కులు చూసే సంస్థల దగ్గర, అంటే అమెరికాలో ఆస్కాప్, బీఎంఐ, ఇండియాలో ఐపీఆర్ఎస్, పీపీఎల్ దగ్గర తీసుకోవాలి.

న్యూ ఆర్లీన్స్ ఊరేగింపును వేషంలా చేయడం. అక్కడ బ్యాండు శవం వెంట శ్మశానానికి నెమ్మదైన పాటలతో నడుస్తుంది. సాగనంపాక తిరుగుదారిలో గొడుగులు, చేతిరుమాళ్ళు ఊపుతూ హుషారు పాటలు. ఆ వరసను మీ పాటల క్రమానికి వాడుకోవచ్చు, ముందు నిదానం, చివర హుషారు. గొడుగులు పట్టుకుని ఇంట్లో తిరగక్కర్లేదు.

మనుషులు కుదరకపోతే

ఒక్కరే ఉన్నా చేయొచ్చు. కొలంబియా యూనివర్సిటీ విద్యార్థుల రేడియో డబ్ల్యూకేసీఆర్ ఎన్నో ఏళ్ళుగా జాజ్ పెద్దల పుట్టినరోజులకు 24 గంటలూ వాళ్ళ సంగీతమే వేస్తుంది. ఇంటర్నెట్‌లో వస్తుంది. ఆగస్టులో న్యూయార్క్ కంటే ఇండియా తొమ్మిదిన్నర గంటలు ముందుంటుంది కాబట్టి, విజయవాడలో పొద్దున తొమ్మిదిన్నరకు పెడితే అక్కడ అర్ధరాత్రి మొదలైన కార్యక్రమం మొదటి నుంచీ దొరుకుతుంది. ఆగస్టు 27 లెస్టర్ యంగ్ పుట్టినరోజు, 29 పార్కర్‌ది, కాబట్టి ఆ వారం చెవులకు తీరిక ఉండదు.

పిల్లలు ఎక్కువుంటే ఆర్మ్‌స్ట్రాంగ్ రోజు పెట్టుకోండి. న్యూయార్క్ క్వీన్స్‌లో ఆయన 1943 నుంచి పోయేదాకా ఉన్న ఇల్లు ఇప్పుడు మ్యూజియం. ఆయన వందల టేపులు ఇంట్లోనే రికార్డు చేసుకుని, వాటి డబ్బాల మీద పేపర్ కటింగులు, ఫోటోలు అతికించేవాడు. పిల్లలకు ఖాళీ చెప్పుల డబ్బాలు, పాత పత్రికలు, జిగురు ఇచ్చి పాట నడుస్తుండగా డబ్బా తయారు చేయమనండి. చేతికి పని ఉంటే చెవి ఖాళీగా ఉంటుంది. కత్తెరలు మాత్రం మొద్దువి ఇవ్వండి.

8. బాగా జరిగిందో లేదో చూసుకోవడం

"చాలా బాగుంది అండీ" అన్న మాటను లెక్కలోకి తీసుకోకండి. భోజనం పెట్టినవాళ్ళకు ఎవరైనా అదే చెబుతారు. వెళ్ళేముందు చీటీ ఇచ్చి రెండే అడగండి. ఏ పాట మళ్ళీ వినాలని ఉంది? అందులో ఏ వాయిద్యం గుర్తుంది? పేరు రాయక్కర్లేదు. పన్నెండు చీటీల్లో నాలుగైదింటికి రెండో ప్రశ్నకు జవాబుంటే పాటలు సరిపోయాయి. అన్నీ మొదటి పాటకే పడితే తర్వాతివి ఎక్కువయ్యాయి, వచ్చేసారి రెండు తగ్గించండి. చీటీలు ఖాళీగా వస్తే మీరు ఎక్కువ మాట్లాడారు.

వారం తర్వాత ఇంకో పరీక్ష. వచ్చినవాళ్ళలో ఎవరైనా ఫోన్ చేసి "ఆ పాట పేరేమిటి, మళ్ళీ చెప్పండి" అని అడిగారా? కాగితం ఇచ్చినా అడుగుతారు, అది ఎక్కడో పోయి ఉంటుంది. విసుక్కోకుండా చెప్పండి.

చీటీలు పారేయకండి, ఒక డబ్బాలో వేసి ఉంచండి. వచ్చే ఏడాది పాటలు ఎంచుకునేది వాటి నుంచే. పోయిన జులై చీటీల్లో ఒకటి తెలుగులో, వంకర టింకర అక్షరాలతో ఉంది. చూడగానే అత్తయ్య రాత అని తెలిసిపోయింది. "ఆ నాలుగు దెబ్బల పాట. పెద్ద వీణ లాంటిది వాయించే ఆయన" అని రాశారు. జిమ్మీ గారిసన్. అందుకని ఈసారి గారిసన్ పేరు కాగితంలో పైకి తెచ్చాను.